ఉప్పలయ్య లాల్చీ మీద పసుపు చుక్కలు

మా గని కాలనీలో పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడతాయి. బైలాడిల్లా కొండ మీద నుంచి దిగే ఇనప దుమ్ము అది. అందుకే తన తెల్ల లాల్చీ మీద పసుపు చుక్కలు కనబడగానే పక్క క్వార్టరు ఉప్పలయ్య ముందు కొండనే అనుమానించాడు.

"కొత్త గనేదో తెరిచినట్టున్నరు రామక్కా. ఈసారి పసుపు రాయి తగిలినట్టుంది," అన్నాడు.

"అయ్యుంటది తమ్మీ," అన్నాను.

ఆ పసుపు ఎక్కడిదో నాకు తెలుసు. మా ఆయన చనిపోయిన ఏడాది, కొండ కింది పల్లె నుంచి పనికి వచ్చే ఆయతి అనే ఆమె ఒక చెట్టు తొర్రలోని తేనెటీగల్ని తెచ్చి మా పెరట్లో తేనెపెట్టె పెట్టించింది. చలికాలంలో మంచు విడిచేదాకా ఈగలు బయటికి రావు. ఎండ తగలగానే అన్నీ ఒక్కసారి లేచి, గోడ దాటుతూనే కడుపు ఖాళీ చేసుకుంటాయి. సరిగ్గా అక్కడ ఉప్పలయ్య దండెం ఉంటే నేనేం చేయను?

మామిళ్ళు పూత మీదున్న రోజుల్లో ఒక ఆదివారం అతను దండెం కింద కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. బట్టతల మీద చుక్క పడింది. తడిమి చూసుకున్నాడు. తలెత్తి ఈగల్ని చూశాడు. గోడ ఇవతల నాకు నవ్వు ఆగలేదు. అలా దొరికిపోయాను.

"గనీ లేదు గినీ లేదు! నీ ఈగలు నా నెత్తిన దొడ్డికి కూసుంటున్నయ్! రేపే పోయి కాలనీ ఆఫీసు సాహెబుకు చెప్త. నీ పెట్టె ఎట్ల ఉంటదో చూస్త!"

నా నవ్వు ఆగిపోయింది. అతను అన్నాడంటే చేస్తాడు. నిరుడు ఎదురింటివాళ్ళ కోళ్ళగూడు అలాగే ఎత్తించాడు. కొడుకు షిఫ్టుకు పోయాక నేను పలకరించేది ఆ ఈగల్నే.

మర్నాడు చుక్కలేని లాల్చీ ఒకటి వెతికి తొడుక్కుని, స్కూటరెక్కి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే మా పెట్టె పొంగింది. పెట్టె నిండి కొత్త రాణి పుట్టే వేళకి పాత రాణి సగం ఈగలతో ఇల్లు విడిచి పోతుంది. ఆ గుంపు గోడ దాటి, ఉప్పలయ్య స్కూటరు అద్దానికి గుమ్మడికాయంత గుత్తిగా వేలాడింది.

"అక్కా!"

"కదలకు తమ్మీ."

"కుడతయా?"

ఇల్లు విడిచే ఈగలు కడుపు నిండా తేనె తాగి బయల్దేరతాయి. వాటికి కుట్టే ధ్యాస ఉండదు. ఆ సంగతి అతనికి చెప్పడానికి నాకు తొందరేం లేదు.

"వాటి ఇష్టం. ఇంతకీ ఏడికి పోతున్నవ్, ఇంత తెల్లగ తయారై?"

"నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. వాటికి చెప్పు."

అతను ఈగల వైపు తిరిగాడు. "బాజారుకు. ఉల్లిగడ్డలకు."

అతని భార్య బుల్లమ్మ గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఉల్లిగడ్డలు ఇంట్ల ఉన్నయ్ గద!"

"నువ్వు ఊకోవే! అక్కా, నీ పెట్టె జోలికి రాను. నా లాల్చీ మీద ఒట్టు. తియ్యి ముందు!"

ఖాళీ పెట్టె తెచ్చి, గుత్తిని అందులోకి దులిపాను. రాణి లోపల పడగానే మిగిలినవి షిఫ్టు బస్సెక్కే జనంలా బిలబిలా లోపలికి నడిచాయి. ఉప్పలయ్యను ఒక్కటీ కుట్టలేదు.

"వదినె, ఈ పెట్టె మాకిస్తవా?" అంది బుల్లమ్మ.

అతను నోరు తెరిచాడు. ఈగల్ని చూసి మూసుకున్నాడు.

ఎండాకాలం వాళ్ళ పెట్టెలో తొలి తేనె తీసేటప్పుడు పొగ పట్టింది ఉప్పలయ్యే. ఈగలకి కొంత వదలాలని నేనంటుంటే వినకుండా మోచేతి దాకా నాక్కున్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. అతనికి అవతలి పక్క ఉండే రాఘవులు తెల్ల దుప్పటి పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు.

"ఉప్పలన్నా, ఈ పసుపు చుక్కలేంది?"

ఉప్పలయ్య నా వైపు చూడలేదు. కొండ వైపే చాలాసేపు, ఎంతో దిగులుగా చూశాడు.

"కొత్త గని తెరిచిన్రంట తమ్మీ," అన్నాడు.