కూరకు పెట్టిన వంక

తాగుడు మానిన మొగుడి నోరు వాసన చూసే హక్కు పెళ్ళానికి ఎక్కడైనా ఉంటుంది. ఈ పాలిష్ మేస్త్రి భార్యకు మాత్రం ఆ హక్కు ఉండీ లాభం లేకపోయింది. బీరువాలకూ తలుపులకూ పాలిష్ పెట్టే మనిషాయె, తాగినా తాగకపోయినా ఒళ్ళంతా స్పిరిట్ వాసనే. అందుకని ఆవిడ ముక్కును నమ్ముకోవడం మానేసి అతని నాలుకను కనిపెట్టి ఉండేది. తాగినరోజు ఆ నాలుక తేనెలో ముంచి తీసినట్టుండేది. కూర అమృతం, పెళ్ళాం మహారాణి. తాగనిరోజు పలకరిస్తే చాలు, కసిరేవాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఈ పరీక్ష ఒక్కసారీ తప్పలేదు.

దాంతో మానేశాక మేస్త్రికి కొత్త చిక్కు వచ్చిపడింది. కూర నిజంగా బాగున్నా బాగుందనడానికి లేదు. ఒకసారి నోరు జారి బాగా కుదిరిందన్నాడు. ఆవిడ గరిటె చేతిలో ఉండగానే అతని పనిసంచీ అంతా వెదికేసింది. అప్పటినుంచి నోరు కుట్టేసుకుని తింటున్నాడు. ఆవిడ తనను నమ్మాలి, అతనికి కావలసింది అంతే.

మందు మాన్పించే ఆస్పత్రిలో నర్సమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది జబ్బు, బుద్ధిలేనితనం కాదంది. తిరగబెట్టినా తిరగబెట్టొచ్చు, అలా జరిగితే దాచకుండా వెంటనే రమ్మంది. మేస్త్రి బుద్ధిగా తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

మానేసిన డెబ్భై నాలుగో రోజు మధ్యాహ్నానికల్లా ఒకరింట్లో భోజనాల బల్లకు ఆఖరి పూత వేశాడు. అందులో మొహం కనిపిస్తోందని ఇంటాయన మురిసిపోయి, రెండు గ్లాసుల్లో మందు పోసి ఒకటి ఇతని చేతికిచ్చాడు. వద్దనే మాట గొంతుదాకా వచ్చింది గానీ, అంతకన్నా ముందు గ్లాసు నోటికి చేరింది. ఇంటాయన రెండోసారి పోయబోతుంటే మాత్రం సంచీ అందుకుని బయటపడ్డాడు.

దారి పొడుగునా తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. వాసన సంగతి స్పిరిట్ చూసుకుంటుంది. ఇంటికెళ్ళి కూరకు ఏదో వంక పెడితే సరి, ఆవిడ పరీక్షతో ఆవిడనే బోల్తా కొట్టించవచ్చు.

అలాగే చేశాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, ఉప్పు ఎక్కువైందన్నాడు.

ఆవిడ మొహం చేటంత అయింది. ఉప్పు ఎక్కువైందంటే ఇంత సంబరపడిన ఇల్లాలు లోకంలో ఉండదు. ఇంకాస్త కూర వేసి, పక్కనే కూర్చుంది. పొద్దున నర్సమ్మకు ఫోన్ చేశానంది. నాకు నమ్మకం కుదిరింది, ఇకమీదట ఆయన్ను పరీక్షించను అని చెప్పేశానంది. ఆ మాట అంటూ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

మేస్త్రి చేతిలోని ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేశాడు. పట్టుబడితే ఏం చేయాలో అతనికి పన్నెండేళ్ళుగా తెలుసు. నమ్మితే ఏం చేయాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఉప్పు సరిగ్గానే ఉంది," అన్నాడు కంచంలోకి చూస్తూ. "తాగాను. ఒక గ్లాసు."

ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. అతని వంశాన్నీ, ఇంటాయన వంశాన్నీ, ఆఖరికి ఆ బల్ల చేసిన వడ్రంగి వంశాన్నీ వదలకుండా దులిపేసింది. వడ్రంగి చేసిన తప్పేమిటో అడిగే సాహసం మేస్త్రి చేయలేదు. తిట్టి తిట్టి అలిసిపోయి, అతని పక్కనే కూలబడింది.

"నేను పట్టుకోకముందే నువ్వు చెప్పడం ఇదే మొదలు," అంది.

అతనికి ఏడుపొచ్చింది. మళ్ళీ ఎప్పుడైనా నన్ను నమ్ముతావా అని అడిగాడు.

"నమ్మాను కాబట్టేగా చెప్పావు. లే, చెయ్యి కడుక్కో. ఆస్పత్రి మూసేస్తారు."