మూడు ఆదివారాల లండన్

మెదక్ చర్చిలో లండన్ దూరాన్ని మైళ్లలో కొలవరు, ఆదివారాల్లో కొలుస్తారు. ఓడెక్కిన వాళ్ల పేర్లు సముద్రం మీద ఉన్నవాళ్ల ప్రార్థనలో చదువుతారు. మూడు ఆదివారాలు చదివితే ఓడ ఒడ్డు చేరినట్టే లెక్క.

ఆ లెక్క మీదే అత్తాకోడళ్లకు పంతం పడింది.

కాన్పు చేసిన చేతులే బిడ్డను బాప్తిస్మానికి ఎత్తుకెళ్లాలని అక్కడి ఆనవాయితీ. కోడలు ఎలిశిబాకు ప్రాణం మీదికొచ్చిన కాన్పును గట్టెక్కించింది మిషన్ దవాఖానా డాక్టరు రాహేలమ్మ. తర్వాత ఆమె కొన్ని నెలల పెద్ద చదువుకని లండన్ వెళ్లింది. తను వచ్చేదాకా బాప్తిస్మం ఆపమని మాట తీసుకుని మరీ ఓడెక్కింది. ఇప్పుడు తిరుగు ప్రయాణం విమానంలోనని తంతి కొట్టింది. ఐదు వేల మైళ్లు, ఒకటిన్నర రోజు.

అత్త జ్ఞానమ్మ నమ్మలేదు. పిల్లాడు కూర్చోవడం కూడా నేర్చాడు, ఇంకా ఎన్నాళ్లు ఆగాలి? మూడు ఆదివారాలు చూస్తాననీ, డాక్టరమ్మ రాకపోతే మనవణ్ణి తనే ఎత్తుకుంటాననీ తేల్చి చెప్పింది. ఎలిశిబా లోలోపల నవ్వుకుని సరేనంది. ఒకటిన్నర రోజు ప్రయాణానికి అంత గడువా!

మొదటి ఆదివారం పాస్టరు యాకోబు అలవాటు కొద్దీ రాహేలమ్మ పేరును సముద్రం మీది వాళ్లలో చదివాడు. అప్పటికే ఆమె బొంబాయిలో దిగింది.

మర్నాడు ఇండియన్ యూనియన్ సైన్యం నైజాం సరిహద్దు దాటింది. రైళ్లు ఆగాయి. బస్సులు ఆగాయి. మెదక్‌లో ఇంటింటికీ గడియలు పడ్డాయి. రెండో ఆదివారానికి నిజాం లొంగిపోయాడు గానీ రాహేలమ్మ జాడ లేదు. దారుల్లో ఏం జరుగుతోందో తలా ఒక మాట చెబుతున్నారు. ఎలిశిబాకు అన్నం సయించలేదు.

మూడో ఆదివారం జ్ఞానమ్మ పట్టుచీర కట్టింది, పిల్లాణ్ణి ఎత్తుకుంది. ముందు వరసలో కూర్చుంది. పక్కనే ఎలిశిబా తల దించుకుంది. పాస్టరు కళ్లు మూసుకుని రాహేలమ్మ పేరు ఎత్తాడో లేదో, తలుపు దగ్గర అలికిడయింది.

"నేను సముద్రం మీద లేను అయ్యగారూ. ఇప్పటిదాంక బక్కయ్య బండి మీదున్న."

మోకాళ్లదాకా బురదతో రాహేలమ్మ నిలబడి ఉంది. పాస్టరు ప్రార్థన మధ్యలోనే నవ్వేశాడు. సంగతంతా అక్కడే బయటికొచ్చింది. రైలు షోలాపూర్‌లో ఆగిపోయింది. రోజుల తరబడి అక్కడే పడిగాపులు. అల్లాదుర్గ్ దాకా మిలిటరీ లారీ. అక్కణ్ణుంచి పాపన్నపేట బక్కయ్య ఎడ్లబండి. మంజీర ఏటి పొంగు తగ్గేదాకా ఒడ్డునే మకాం.

"సముద్రం ఒక్క దెబ్బకు దాటిన పెద్దమ్మా. మీ మంజీరనే దాటనియ్యలే," అంది రాహేలమ్మ.

"ముందుగాల కాళ్లు కడుక్కోండ్రి," అంది జ్ఞానమ్మ. కడుక్కుని రాగానే తనే లేచి మనవణ్ణి ఆమె చేతుల్లో పెట్టింది. పట్టుచీర సర్దుకుంటూ కోడలి పక్కన కూర్చుని చెవిలో గుసగుసగా అంది.

"చెప్తే వింటివా బిడ్డా? లండన్ మూడు ఆదివారాలే."

కాదనడానికి ఎలిశిబాకు మనసు రాలేదు.