మెల్లగా దిగే ముద్ద

ముందు ఒక చిన్న చప్పుడు.

గుళుక్... అని.

కాలువ గట్టు కింద తూములోంచి నీళ్లు పొలంలోకి దిగేటప్పుడు వచ్చే చప్పుడు. మొదట కొంచెం గాలి. తర్వాత కొంచెం నీరు. తర్వాత, ఎవరికీ తెలియకుండా, తడి.

తెనాలిలో మా వీధి చివర కాలువ ఉంది. గట్టు ఉంది. తూము ఉంది. కొత్తగా మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ చప్పుడు అక్కడిదే అనుకుంటారు.

కాదు. నా గుండెల కిందది.

బాగా నమిలిన ముద్ద ఒకటి నా పొట్టకు వేసిన బ్యాండు దాటి కిందికి దిగిందన్నమాట.

రూతుకు అది నా కన్నా ముందు వినబడేది. బల్లకు అవతల కూర్చుని, తల కొంచెం పక్కకు వంచి, వినేది. వినగానే కళ్లతో నవ్వేది.

"దిగిందండీ. ఇంకో ముద్ద పెట్టుకోండి."

రూతు నా భార్య. ఆమె పోయి ఏడాది దాటింది.

చప్పుడు మాత్రం ఉండిపోయింది.

—

పెళ్లినాటికే నేను లావు. తర్వాత ఇంకా లావు.

బాపట్ల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. రోజూ తెనాలి నుంచి రైలు. స్టేషను వంతెన ఎక్కి దిగేసరికి రైలు కదిలేది. ఒక్కోరోజు కదిలి వెళ్లిపోయేది. ప్లాట్‌ఫారం మీద రొప్పుతూ కూర్చుంటే టీ అమ్మే మనిషి అడక్కుండానే గ్లాసు తెచ్చి చేతికిచ్చేవాడు.

తినడం మాత్రం రైలు కన్నా వేగం.

ప్రార్థన ముగించి ఆమెన్ అంటూండగానే నా చెయ్యి అన్నంలో ఉండేది. రూతు రెండో కూర తెచ్చేసరికి కంచం ఖాళీ.

రూతు నిలబడి వడ్డించేది. మా అమ్మ అలాగే వడ్డించింది. వాళ్లమ్మా అలాగే. మగవాళ్లు తిని లేచాక ఆడవాళ్లు వంటింట్లో, గిన్నెల మధ్య, మిగిలింది పెట్టుకుని తినడం. రమ్మని నేను పిలవలేదు. కూర్చుంటానని ఆమె అడగలేదు. అలా జరిగిపోయేది.

ఎన్నో ఏళ్లు ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నాం.

ఒక్కసారీ కలిసి తినలేదు.

—

మోకాళ్లు మొరాయించాయి. షుగరు వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగేది... ఆగినప్పుడల్లా రూతు భుజం తట్టి లేపేది. లేపీ లేపీ ఆమె కళ్ల కింద నల్లగా అయింది.

తొంభై అయిదులో మద్రాసు వెళ్లాం. పై దేశంలో ఈ కొత్త ఆపరేషను నేర్చుకుని వచ్చిన డాక్టరు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు.

ఆయన పొట్ట బొమ్మ గీశాడు. పైభాగాన చుట్టూ ఒక మెత్తటి పట్టీ గీశాడు. దాన్ని బ్యాండు అంటారట. పట్టీ లోపల బోలు. అందులోకి ఉప్పునీరు ఎక్కిస్తే దారి ఇరుకు. తీసేస్తే వదులు. చర్మం కింద రూపాయి బిళ్లంత మూత ఒకటి ఉంటుంది, సూది దానిలోకే గుచ్చుతాం అన్నాడు. దారి ఇరుకైతే కొంచెం తినగానే కడుపు నిండుతుంది. కానీ మెల్లగా తినాలి. మెత్తగా నమలాలి. లేకపోతే అడ్డం పడుతుంది.

"బిగించొచ్చు, వదులు చెయ్యొచ్చు, అక్కర్లేదంటే తీసెయ్యొచ్చమ్మా" అన్నాడు.

రూతు బొమ్మను చాలాసేపు చూసింది.

"మా ఆయన కన్నా నయమండి. చెప్పినట్టు వింటుంది."

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. భయం కొంచెం తగ్గింది.

—

ఆపరేషను తర్వాత కొన్నాళ్లు జావ. తర్వాత మెత్తగా పిసికిన అన్నం. తర్వాత, మామూలు అన్నమే, చిన్న పళ్లెంలో.

ఒక పూట భోజనానికి ముప్పావు గంట.

రూతు నిలబడి చూసేది. కాలు మార్చి నిలబడేది. గుమ్మానికి ఆనుకుని నిలబడేది. ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, నేను మూడో ముద్ద నములుతూ ఉండగా కుర్చీ లాక్కుంది.

"తిండేమో పిచ్చుక తిండి, టైమేమో ఏనుగు టైము. నా కాళ్లు పడిపోతున్నాయండీ బాబూ!"

కూర్చుంది.

కూర్చుని ఊరికే ఏం చూస్తుంది... తనూ కంచం పెట్టుకుంది.

అలా మొదలైంది మా కాపురం — అంటే ఆమె ఒప్పుకునేది కాదు గానీ, నాకు అలాగే అనిపిస్తుంది.

ఆమె కరివేపాకును కంచం అంచున వరుసగా పేరుస్తుందని అప్పుడు తెలిసింది. ఎడమ దవడతోనే నములుతుందని తెలిసింది. పెరుగన్నంలోకి ఏమీ నంజుకోదని తెలిసింది. చిన్నప్పుడు రేపల్లె నుంచి వాళ్ల నాన్నతో పెనుమూడి రేవుకు వెళ్లి పడవెక్కేదనీ, కృష్ణ మధ్యకు రాగానే నీళ్లలో చెయ్యి పెట్టేదనీ, ఆయన తిడుతూనే ఆమె గౌను కొస పట్టుకుని ఉండేవాడనీ తెలిసింది.

నేను నములుతూ వినేవాణ్ణి. నమిలే మనిషి మధ్యలో అడ్డు రాడు. అది కూడా మంచిదే అయింది.

గుళుక్...

"దిగింది. చెప్పనా తర్వాతేమయిందో?"

ఒళ్లు తగ్గసాగింది. పెళ్లి ఉంగరం వేలి నుంచి జారిపోతుంటే లోపలివైపు తెల్లదారం చుట్టింది. ఇంకా తగ్గితే ఇంకో చుట్టు. "మీ డాక్టరు నీళ్లు, నా దారం" అంది.

స్టేషను వంతెన ఎక్కి దిగినా రైలు ఇంకా రాకుండా ఉండేది. టీ మనిషి నన్ను ఒక నెల గుర్తుపట్టలేదు.

ఒక సాయంత్రం స్కూటరు మీద బాపట్ల నుంచి సూర్యలంక సముద్రానికి వెళుతున్నాం. సరుగుడు తోటల గాలి. వెనక కూర్చున్న రూతు ఉన్నట్టుండి అరిచింది.

"ఏవండీ! కలిశాయి!"

బండి ఆపాను. ఏవి కలిశాయో అర్థం కాలేదు.

ఆమె చేతులు. నా పొట్ట ముందు. ఒక చేతి వేళ్లు ఇంకో చేతి వేళ్లను పట్టుకుని ఉన్నాయి.

దారిన పోయే సైకిలువాడు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయాడు. రూతు చేతులు విడదీయలేదు.

ఒడ్డున ఉప్పునీళ్లు పాదాలను తాకి వెళుతుంటే నా పొట్ట మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంత సముద్రం మీలోనూ ఉంది కదండీ. ఆటూ పోటూ కూడా ఉంటాయేమో చూసుకోండి."

—

నన్ను బతికించుకోవాలని ఆరాటపడింది.

పోయిన ఏడాది ఏప్రిల్లో, ఎండలో తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చి, తల నొప్పిగా ఉందని పడుకుంది.

మళ్లీ లేవలేదు.

—

నేను బల్ల దగ్గర కూర్చోవడం మానలేదు. అదే పళ్లెం. అదే ముప్పావు గంట. నములుతూ ఉంటే, ఆ మెల్లదనంలో... ఆమె అవతల ఉన్నట్టే ఉండేది. కనబడేది కాదు. వింటున్నట్టు ఉండేది.

తర్వాత ముద్ద దిగడం కష్టమైంది.

రెండు ముద్దలకే గుండెల్లో రాయి. ఇడ్లీ వెనక్కి వచ్చేది. తర్వాత అన్నం. తర్వాత పాలు ఒక్కటే దిగేవి. లోపల వాపు వచ్చి దారి ఇంకా ఇరుకైందని నాకు తెలుసు. మద్రాసు వెళితే సూదితో నీళ్లు తీసి వదులు చేస్తారనీ తెలుసు.

వెళ్లలేదు.

వదులు చేస్తే ముద్ద గబగబా దిగుతుంది. గబగబా దిగితే భోజనం అయిపోతుంది. భోజనం అయిపోతే — ఆమె కూర్చునే వేళ ఏది?

నా దగ్గర మిగిలింది ఆ ముప్పావు గంటే.

—

ఈ ఏప్రిల్లో రేపల్లెలో, రూతు పుట్టింట్లో, జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అయ్యగారు వాక్యం చదివారు. కీర్తన పాడారు. తర్వాత భోజనాలు.

రూతు అక్క కాంతమ్మ వదినది బాపట్ల. చెల్లెలికి ఇష్టమని పండుగప్ప చేపల పులుసు తనే వండింది. పాలతో బతుకుతున్న నన్ను చూసి ఆమెకు ఒకటే అర్థమైంది — దిగులుతో తిండి మానేశాడని. బ్యాండు సంగతి ఆమెకు తెలుసు. అయితే కొత్త చెప్పులు తొడగ్గా తొడగ్గా సాగినట్టు, తినగా తినగా అదే సాగుతుందని ఆమె నమ్మకం.

అన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చింది.

"మా చెల్లెలి పేరు మీద మరిదిగారూ. ఒక్కటంటే ఒక్కటి."

వద్దనడం ఎలా? రూతు వేళ్లు అలాగే ఉండేవి. పొట్టిగా, గుండ్రంగా, గోళ్ల దగ్గర పసుపు.

తిన్నాను.

దిగలేదు.

గుండెల మధ్య పిడికిలి బిగిసినట్టయింది. కళ్ల వెంట నీళ్లు. గొంతు చూపించి చెయ్యి ఊపాను. మాట రాలేదు.

"అయ్యో దేవుడా, ముల్లు! ముల్లు గుచ్చుకుంది!" అంది కాంతమ్మ వదిన.

"పండుగప్పలో ముల్లేంటే, నీ మొహం!" అన్నాడు ఆమె భర్త ప్రకాశం అన్నయ్య.

"నడిముల్లు ఉండదూ? మాటలు కట్టిపెట్టి వట్టన్నం ముద్ద తెండి!"

గొంతులో ముల్లు పడితే వట్టన్నం ముద్ద నమలకుండా మింగించాలి. అది ముల్లును తోసుకుపోతుంది. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లందరికీ తెలిసిన వైద్యం. మా అమ్మ నాకూ చేసింది. ఎంతోమందికి నయమైంది.

మింగించారు.

అది చాలక కొల్లూరు లంక నుంచి వచ్చిన గెలలోంచి చక్రకేళి పండు ఒకటి.

ఒకరు వీపు రాస్తున్నారు. ఒకరు ప్రార్థన చేస్తున్నారు. నన్ను బతికించాలని అందరూ కలిసి, ప్రేమగా, ఉన్న కాస్త దారినీ మూసేశారు.

ఇక నీళ్లు కూడా దిగలేదు. నా ఉమ్మి నేనే మింగలేకపోయాను.

కాగితం తెమ్మని సైగ చేసి ఒక్క మాట రాశాను. మద్రాసు.

—

రేపల్లె బండిలో తెనాలికి. తెనాలి నుంచి మెయిల్లో మద్రాసుకు. దారంతా కాంతమ్మ వదిన నా పక్కన కూర్చుని తుండుగుడ్డ అందిస్తూనే ఉంది. కాలువలు కట్టేసిన కాలం. కిటికీ బయట పంటకాలువలన్నీ ఎండి, పగిలి, తూములు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

డాక్టరు నన్ను పడుకోబెట్టి, చర్మం కింద మూతను వేలితో వెతికి, సూది గుచ్చాడు. సూది గొట్టంలోకి నీళ్లు వచ్చాయి. తేటగా.

ఇన్నేళ్లుగా నాలో ఉన్న సముద్రం. ఒక చెంచాడు కూడా లేదు.

"తాగండి సంజీవరావుగారూ" అని గ్లాసు ఇచ్చాడు.

తాగాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత... గుళుక్.

కాంతమ్మ వదిన గోడ వైపు తిరిగి ఏడ్చింది.

"నా చేత్తోనే చంపేసి ఉండేదాన్ని."

"ముద్ద బాగుంది వదినా" అన్నాను. "పులుపు సరిపోయింది."

ఏడుస్తూనే నవ్వింది. "చాల్లెండి, వేళాకోళం!"

వాపు తగ్గాక మళ్లీ రమ్మన్నాడు డాక్టరు. అప్పుడు బిగించాలో, అలాగే ఉంచాలో, తీసెయ్యాలో చూద్దామన్నాడు. అప్పటివరకూ అన్నీ దిగుతాయి, మీరే జాగ్రత్తగా ఉండాలి అన్నాడు.

—

ఇంటికి వచ్చి మొదటిసారి ఘనాహారం తిన్న రోజు కాంతమ్మ వదిన చర్చికి వెళ్లింది. బల్ల దగ్గర నేను ఒక్కణ్ణే.

ఆమెన్ అన్నాను.

కంచం ఖాళీ.

ఎప్పుడు తిన్నానో తెలియలేదు. చెయ్యి దానంతట అదే నడిచింది. పాత చెయ్యి. ఆకలి ఇంకా ఉంది... పాత ఆకలి. అవతలి కుర్చీ వైపు చూసేలోపే భోజనం అయిపోయింది.

నేను భయపడింది దీనికే.

చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎండిన చేత్తో.

—

నేను కుదుటపడేదాకా ఉంటానని కాంతమ్మ వదిన తెనాలిలోనే ఉంది. మే గడిచింది. జూన్ వచ్చింది. ఆమె వడ్డిస్తుంది. గుమ్మానికి ఆనుకుని నిలబడుతుంది. కాలు మార్చి నిలబడుతుంది.

ఈ మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి, వంకాయ కూర వేసి, గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"కూర్చోండి వదినా."

"మీరు కానివ్వండి. నేను తర్వాత తింటాలెండి."

ఎన్నో ఏళ్లు విన్న మాట. అదే గుమ్మం నుంచి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అన్నం చల్లారిపోతోంది మరిదిగారూ."

"చల్లారనివ్వండి."

"ఇదేం పట్టండీ! మగాళ్లతో సమానంగా కూర్చుని తింటే మీ అన్నయ్య బాపట్ల నుంచి వచ్చి మరీ నవ్వుతారు."

"రానివ్వండి. ఆయనకూ కంచం పెడదాం."

ఆమె నా వైపు చూసింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది. దానిలో కూర్చోలేదు. వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని, బల్లకు కొంచెం ఎడంగా వేసుకుని, కంచం ఒళ్లో పెట్టుకుంది.

"మా చెల్లీ ఇట్టాగే కూర్చునేదా?"

"దగ్గరగా కూర్చునేది."

పీట ఒక జానెడు ముందుకు జరిపింది.

చిన్న ముద్ద తీసుకున్నాను. గబగబా మింగొచ్చు. నన్ను ఆపే నీళ్లు లోపల లేవు. పాత చెయ్యి రెండో ముద్దకు తొందరపడుతోంది.

నమిలాను. ఇంకా నమిలాను.

కాంతమ్మ వదిన కూరలోని కరివేపాకు తీసింది. కంచం అంచున పెట్టింది. దాని పక్కన ఇంకొకటి పెట్టింది.

"పెనుమూడి రేవులో పడవ సంగతి చెప్పిందా మీకు?" అంది. "నీళ్లలో చెయ్యి పెట్టింది అది కాదు, నేను."

నవ్వొచ్చింది. నోట్లో ముద్ద ఉంది. నములుతూనే ఉన్నాను.

నిన్న కాలువలకు నీళ్లు వదిలారట. తెనాలి దాకా ఇంకా చేరలేదు. ఇవాళో రేపో.

ముద్ద మింగాను. తల కొంచెం పక్కకు వంచాను.

కాంతమ్మ వదిన మాట ఆపింది. తనూ తల వంచింది.

"ఏంటి మరిదిగారూ, ఏం వింటున్నారు?"

"ఉండండి..."

ముందు ఒక చిన్న చప్పుడు రావాలి.