మిల్లు శ్రుతి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా బెదురు నా కూతురికి అంటుకుంటుందేమోనని. జ్వరమైతే కషాయం పోస్తాం. బెదురుకి ఏం పొయ్యాలో నాకెవరూ చెప్పలేదు.

నేను ఐదో క్లాసు మధ్యలో బడి మానేశాను. తమ్ముడు పుడితే ఉయ్యాల ఊపడానికి మనిషి కావలసి వచ్చింది. ఆగిపోయిన చదువు వల్ల వచ్చిందో, పుట్టుకతోనే ఉందో గాని, నలుగురిలో నోరు విప్పాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చి ఇన్నేళ్ళయినా కొట్టులో "ఏం కావాలమ్మా" అంటే వేలు పెట్టి చూపిస్తాను.

మా సువర్ణకి ఆరో ఏడు. ఇంట్లో వసపిట్టలా వాగుతుంది. గడపలో కొత్తమనిషి కనబడితే నా కుచ్చెళ్ళలో దూరిపోతుంది. బడిలో వేసిన నెలకి మేష్టారు మా ఆయన్ని పిలిచి, "అమ్మాయికి మాటలు రావాండీ?" అని అడిగారట.

ఆ మాట విని మా అత్తగారు నా వైపు చూసింది. "తల్లి ఒక్కతే చాలదన్నట్టు పిల్ల కూడా తయారయింది. ఈ ఇంట్లో మాట్లాడే నోరు నాదొక్కటే."

"ఒకటి చాలమ్మా," అన్నారు మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ. "వీధి వీధంతటికీ సరిపోతోంది."

ఆయన నవ్వుతూ అన్నా, అన్నం దగ్గర కూర్చున్నాక నవ్వు పోయింది. "కామేశ్వరీ, అది పాడేటప్పుడు చూశావా? బొమ్మకి నీళ్ళు పోస్తూ ఏదో పాడుకుంటుంది. అప్పుడు ఎవరున్నా చూడదు. పాట నేర్పిస్తే ఏమన్నా విచ్చుకుంటుందేమో."

ఆయన పేరు సోమరాజు. రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. ఆ మిల్లు గుమాస్తా సుబ్బారావుగారే ఏలూరులో ఒకావిడ ఉన్నారని చెప్పారు. కనకరత్నంగారని, ఆవిడ భర్త నాటకాల్లో హార్మణీ వాయించేవారట. ఆయన పోయాక ఆవిడ చిన్నపిల్లలకి సంగీతం చెప్పుకుంటూ ఒక్కరే ఉంటున్నారు.

శనివారం పొద్దున్నే ప్యాసింజరులో వెళ్ళాం, నేనూ సువర్ణా. దెందులూరు దాటేదాకా అది కిటికీలోంచి కొంగల్ని చూపిస్తూనే ఉంది. ఏలూరులో దిగగానే నా వేలు పట్టుకుని నోరు మూసేసింది.

కనకరత్నంగారు చాప పరిచి శ్రుతిపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. నేను దాన్ని సువర్ణ వైపు జరిపాను. ఆవిడ మళ్ళీ నా వైపు జరిపారు.

"నాక్కాదండీ. అమ్మాయికి."

"తెలుసమ్మా. వారానికి ఒక్క పూట నా దగ్గరుంటుంది. మిగతా అన్నాళ్ళూ దానికి చెప్పేదెవరు? ముందు మీరు నేర్చుకోండి. అది చూస్తూ కూర్చుంటుంది. నాకూ చెప్పమని అది నోటితో అడిగిన రోజున దానికి చెబుతాను. అందాకా దాన్ని పాడమని నేను అడగను. మీరూ అడగకూడదు."

"నాకు రాదండీ."

"వస్తే నా దగ్గరికెందుకు వస్తారు?" అని ఆవిడ పెట్టె తెరిచారు.

అది వదలకుండా ఒకే స్వరం ఊదుతుంది. దానిమీద నా 'స' ఆనించాలి. నా గొంతు ఎలక కిచకిచలా వచ్చింది. సువర్ణ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. వాళ్ళమ్మ పరాయి ఇంట్లో గొంతెత్తడం అది ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చేటప్పుడు రైల్లో నా చెవిలో, "అమ్మా, నువ్వు పాడావు గదా!" అంది, నేనేదో పాముని పట్టుకున్నట్టు.

వెళ్ళిన ప్రతి శనివారమూ ఆవిడ ఒకటే మాట. "ఇంటి దగ్గర శ్రుతి లేకుండా మాత్రం నోరు విప్పకండి." మా ఇంట్లో శ్రుతిపెట్టె లేదు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంక్రాంతి కోతలయ్యాక కొందామన్నారు మా ఆయన.

మాది మిల్లు వెనక గోడనానుకున్న ఇల్లు. పొద్దున ఇంజను మొదలైతే చక్రాలూ బెల్టులూ కలిసి హూమ్మని ఒకే మోత. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు తలనొప్పి వచ్చేది. తర్వాత చెవికి ఆనడమే మానేసింది. ఒకరోజు బియ్యంలో రాళ్ళేరుతూ ఉంటే మళ్ళీ వినబడింది. అది కూడా వదలకుండా ఒకే స్వరం ఊదుతోంది. 'స' అని చూశాను. అతుక్కుపోయింది. దేవుడు నాకోసం గోడవతల ఇంత పెద్ద శ్రుతిపెట్టె పెట్టాడనుకున్నాను.

అప్పట్నుంచి మిల్లు ఆడుతున్నంతసేపూ నా సాధన దానితోనే. అంట్లు తోముతూ, పిడకలు సర్దుతూ, స రి గ మ. మా అత్తగారు "మిల్లు మోత చాలడం లేదా?" అనేది గాని, నేను మర్చిపోతే "ఇవాళ పాట లేదేం?" అనేది కూడా ఆవిడే.

సువర్ణ ముందు బొమ్మకి నేర్పింది. తర్వాత దొడ్లో గేదె దగ్గర పాడింది. నేను వినబడనట్టు ఊరుకున్నాను. ఎంత కష్టమో ఊరుకోవడం! ఒక శుక్రవారం నేను తల దువ్వుతూ ఉంటే, "రేపు ఏలూరు మామ్మగారి దగ్గర నేను పాడతా," అంది. నేను "సరే" అని జడ అల్లడం మొదలుపెట్టాను.

మర్నాడు కనకరత్నంగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. పెట్టె తెరిచి, "ఊఁ," అన్నారంతే. మా సువర్ణ, పేరు చెప్పడానికి నోరు రాని పిల్ల, గొంతెత్తింది. ఆ గొంతు నిక్కచ్చిగా పెట్టె శ్రుతి మీద నిలబడింది. పైస్థాయికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గొంతు మెల్లిగా కిందికి జారింది. కొంచెంసేపు అక్కడే ఉండి మళ్ళీ మెల్లిగా పైకొచ్చి పెట్టెతో కలిసింది.

కనకరత్నంగారు తలెత్తి చూశారు. "బాగుందమ్మా. ఇంకోసారి."

ఇంకోసారి. అదే చోట అదే జారుడు.

"ఇదేం వింతమ్మా! తప్పు పాడే పిల్లలు జారితే జారినట్టే పోతారు. ఇది దిగుతోంది, మళ్ళీ సరిగ్గా అక్కడికే ఎక్కుతోంది. ఎవరో నేర్పినట్టు పాడుతోంది."

అప్పుడు నాకు తెలిసింది. తొట్టిలో ధాన్యం బస్తా కుమ్మరించినప్పుడల్లా ఇంజనుకి బరువవుతుంది. మోత కాస్త దిగుతుంది. ఆ ధాన్యం ఆడేశాక మళ్ళీ పైకి లేస్తుంది. శ్రుతి దిగితే నేనూ దిగాను. శ్రుతితోనే ఉండాలని గదా ఆవిడ చెప్పింది! ఇక్కడ పెట్టె దిగదు కాబట్టి నేనూ దిగలేదు, ఆవిడకి తెలియలేదు. పిల్ల ఆ దిగడం కూడా పాటలో ఉన్నదే అనుకుంది.

చెప్పేశాను. చెబుతూ ఉండగానే ఏడుపొచ్చింది. "నా తప్పేనండీ, అంతా నేనే పాడుచేశాను," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కొంగు తీసి చూసేసరికి సువర్ణ నన్నే చూస్తోంది. పెదాలు గట్టిగా బిగించేసింది. కనకరత్నంగారు పిలిచినా నేను పిలిచినా పలకలేదు.

ఇంటికొచ్చాక కూడా పాడలేదు. బొమ్మకి పాడలేదు, గేదెకి పాడలేదు. మిల్లు మొదలైతే చెవులు మూసుకుని వంటింట్లోకి పోయేది.

మా ఆయన సంగతి విని మొదట, "ఇన్నాళ్ళకి నా ఇంజన్ని ఎవరో మెచ్చుకున్నారనుకున్నాను," అన్నారు. పిల్ల మొహం చూశాక దాని తల నిమిరారు. మర్నాడు మిల్లులో ధాన్యం పోసేవాళ్ళతో, "కాస్త మెల్లిగా పొయ్యండిరా, మా అమ్మాయి శ్రుతి దిగిపోతోంది," అన్నారట. వాళ్ళు ఒకటే నవ్వు. ఆ రోజు బస్తాలు సరిగ్గా ఆడలేదని మా ఆయన మిల్లు షావుకారు బంగార్రాజుగారి చేత చీవాట్లు కూడా తిన్నారు.

మా అత్తగారు మాత్రం పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాతో అంది. "అది తప్పు పాడిందని ఎవరన్నా కొట్టారుటే? నువ్వు బావురుమన్నావు, అది భయపడింది. అంతే గదా."

అంతే. నేను భయపడిందే జరిగింది.

తర్వాతి శనివారం పాట మాన్పించేస్తున్నామని చెప్పడానికే సువర్ణని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇంటి దగ్గర్నుంచి ఆ ఒక్క మాటా కూడబలుక్కుంటూ వెళ్ళాను. కనకరత్నంగారు నా మొహం చూసి, "మానేద్దామని వచ్చారా?" అన్నారు.

"అవునండీ. నా దగ్గర ఏది నేర్చుకున్నా దానికి నా లోపమే అంటుకుంటోంది."

"అంటుకుంటుంది. తల్లి దగ్గర పిల్ల అన్నీ నేర్చుకుంటుంది. దిద్దుకోవడం మాత్రం ఎక్కడ చూస్తుంది పాపం? మీరు అది చూడకముందే ఏడ్చేస్తిరి." ఆవిడ పెట్టె తెరిచారు. "కూర్చోండి. మీ మిల్లు ఎలా దిగుతుందో ఒకసారి పాడండి, నేనూ వింటాను."

"తప్పు పాడమంటారా?"

"తప్పే పాడండి. గట్టిగా."

సిగ్గుతో చచ్చిపోతూ పాడాను. హూమ్మని మొదలుపెట్టి కిందికి జారాను. నా చెవికే అసహ్యంగా ఉంది.

"దిగారు," అన్నారు ఆవిడ, కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా. "మళ్ళీ."

మళ్ళీ పాడాను.

"అలా కాదు," అంది నా వెనక నుంచి ఒక గొంతు.

నేను వెనక్కి తిరగలేదు, కనకరత్నంగారు తలెత్తలేదు. చూస్తే ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

"మరెలాగ?" అన్నారు ఆవిడ పెట్టెకే చెబుతున్నట్టు.

"అమ్మ గబుక్కున పడిపోతోంది. మిల్లు అలా పడదు. ముందు గరగరమంటుంది. అప్పుడు దిగుతుంది."

"అమ్మకి సరిగ్గా రాదు గాని, నువ్వు మెల్లిగా చెప్పవే," అన్నారు ఆవిడ. సువర్ణ నా పక్కకి వచ్చి కూర్చుంది. గొంతులో గరగర ఎలా తెప్పించాలో నాకు చూపించింది. నేను చెయ్యబోతే దగ్గొచ్చింది. అది పకపకా నవ్వింది. పరాయి ఇంట్లో, పరాయి మనిషి ముందు. నాకూ నవ్వొచ్చింది.

"ఇప్పుడు ఆట," అన్నారు కనకరత్నంగారు. "మీ అమ్మ మిల్లు. ధాన్యం ఎప్పుడు పడుతుందో దాని ఇష్టం. అమ్మ దిగిపోతుంది. నువ్వు దిగకూడదు. పెట్టెతోనే ఉండాలి. ఉండగలవా?"

సువర్ణ తలూపింది.

ఇద్దరమూ 'స' పట్టుకున్నాం. నేను జారాను. అదీ నాతో జారింది. "అయ్యో, నేనూ పడిపోయా!" అని తనే నవ్వేసింది. రెండోసారి నేను జారగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడబోయింది గాని, ఊపిరి చాలలేదు.

మూడోసారి నేను చాలా మెల్లిగా దిగాను. దింపాలనే దిగాను. తల్లినయ్యుండి పిల్లని మోసగిస్తున్నట్టే ఉంది నాకు. నా గొంతు కిందికి పోతూ ఉంటే పక్కన దాని గొంతు కదలలేదు. సన్నగా, నిటారుగా అక్కడే ఉంది. నేను ఇంకా దిగాను. అది నా కళ్ళలోకి చూస్తూ, కనుబొమలు ముడిచి, పెట్టెతోనే ఉండిపోయింది. నేను ఎంత దూరం పోతే దానికి అంత ధైర్యం వస్తోంది. నా జన్మలో ఏదైనా ఇంత ఇష్టంగా తప్పు చేశానా అనిపించింది.

ఊపిరి అయిపోయి ఆగింది. "నేను దిగలేదు! మామ్మగారూ, అమ్మ దిగిపోయింది, నేను దిగలేదు!"

"విన్నాను," అన్నారు ఆవిడ.

ఇప్పుడు మా ఇంట్లోనూ శ్రుతిపెట్టె ఉంది, ఆ ఆట ఇప్పటికీ ఆడుతున్నాం. మా ఆయన మిల్లు అవుతారు ఒక్కోసారి. ఆయనకి ధాన్యం పడనక్కరలేదు, మొదట్నుంచీ కిందే ఉంటారు. నేను నిజంగా తప్పు పాడినప్పుడు సువర్ణ "అమ్మా, దిగావు," అంటుంది. "అవునా? మళ్ళీ పాడతానుండు," అంటాను. లోపల బెదురు ఇంకా పోలేదు గాని, పైకి ఆ మాటే అంటాను. బడిలో కూడా మొన్న పేరు చెప్పిందట. మెల్లిగానే చెప్పిందట, అయినా చెప్పింది.

వానలు మొదలవుతూ ఉండగా కనకరత్నంగారు కొల్లేటి లంకల్లో ఉన్న అక్కగారింటికి వెళ్ళారు. అక్కగారి పేరు రాజరత్నంగారు. ఆవిడ జబ్బుచేసి మంచం పట్టారని కబురొస్తే, "చూసొచ్చేస్తానమ్మా, ఈలోగా ఆట మానకండి," అని చెప్పి పడవెక్కారు. కొల్లేరు పొంగింది. తర్వాత నీళ్ళు తీశాయి. మా ఆయన ఏలూరు వెళ్ళి చూస్తే ఇంటికి తాళం అలాగే ఉంది. పక్కింటివాళ్ళకీ ఏమీ తెలియదు. ఊరెళ్ళే ముందు కనకరత్నంగారికి దగ్గు వస్తూ ఉండేది. అడిగితే చెయ్యి ఊపి ఊరుకునేవారు. నాకిప్పుడు నెలలు నిండాయి, రైలెక్కనివ్వరు. సువర్ణ శనివారం వస్తే జడ వేయించుకుని గుమ్మంలో కూర్చుంటుంది.

ఇది చదివినవాళ్ళలో కొల్లేటి వైపు వాళ్ళుంటే, పడవ మీద లంకలకి వెళ్ళే పని పడితే, రాజరత్నంగారి ఇల్లు ఎక్కడని అడిగి కనకరత్నంగారిని ఒకసారి చూసి రండి. ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నానంటారు, ఆ మాట నమ్మకండి. ఒక్క వరుస పాడమని అడిగి, దగ్గర కూర్చుని, గొంతు దిగుతుందేమో చివరిదాకా వినండి.