చదివింపులప్పుడు లేవకూడదు

ఆ మెసేజ్ వచ్చేటప్పటికి నేను సీతమ్మధారలో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి, క్యారేజీ మూత తీసి వాసన చూస్తున్నాను. పెళ్ళయిన నాలుగు నెలల్లో వీరేంద్ర నాకు క్యారేజీ కట్టడం అది మూడోసారి. వంకాయ కూర అడుగంటిందని వాసనలోనే తెలుస్తోంది. అయినా మూత మీద తడి వేలితో నా పేరు రాయబోయి మానేసినట్టు ఒక గీత ఉంది. ఆ గీత చూసి నవ్వుకుంటూ ఉండగా ఫోన్ మోగింది.

మా సారు మోహనకృష్ణగారు హైదరాబాద్ మీటింగు నుంచి పంపారు. మూడు కంపెనీలూ మన యాప్‌లో ప్రకటనలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, నీ ఉద్యోగం ఈ రోజు నుంచి పర్మినెంటు, అంతా నీ వీడియో చలవే అని. నేను రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాను. మళ్ళీ కిందికి దిగి రెండు డబ్బాల మాడుగుల హల్వా కొన్నాను. ఒకటి ఆఫీసుకి, ఒకటి ఇంటికి. మా ఆయనకి ఫోన్ చేస్తే, పోర్టులో క్రేన్ మీద ఉన్నాడేమో, చుట్టూ ఇనుము మోత. నేను చెప్పింది సగమే వినపడి ఉంటుంది. అయినా "సత్యా, రేత్రికి చేపల పులుసు నాదే" అని అరిచాడు.

మా యాప్ పేరు 'తీరిక'. సినిమాలూ సీరియళ్ళూ ఉచితంగా చూపిస్తుంది. చందా లేదు. మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి, ఆ ప్రకటనల మీదే మేమంతా బతుకుతాం. ఏ సినిమాలో ఏ నిమిషం దగ్గర ప్రకటన పెట్టాలో గుర్తు పెట్టడం, తెర కింద మాటలు రాయడం నా పని. ఎలమంచిలి నుంచి పలాస దాకా ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది, చూసేవాళ్ళు నెలనెలా పెరుగుతున్నారు. కానీ పెద్ద కంపెనీలు ఏడాదిగా మొహం చాటేస్తూ వచ్చాయి. మీ ఊళ్ళవాళ్ళు ప్రకటన రాగానే ఫోన్ పక్కన పడేసి కూర కలపడానికి లేచిపోతారు, మేమెవరికి చూపించాలి అనేవారు. వాళ్ళ నోరు మూయించింది మా అత్తగారు దేముడమ్మ. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

ఆవిడది ఎలమంచిలి దగ్గర పల్లె. మా పెళ్ళయ్యాక మల్కాపురంలో మా రెండు గదుల వాటాలోకి వచ్చింది. రోజూ సాయంత్రం నాలుగింటికి నేనిచ్చిన పాత ట్యాబ్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, తీరికలో సీరియల్ పెట్టుకుని కూర్చుంటుంది. ప్రకటన వస్తే కదలదు. ఒక ఆదివారం పొయ్యి మీద పాలు పొంగుతుంటే నేను స్నానాల గదిలోంచి కేకేశాను. ఆవిడ చెయ్యెత్తి, ఉండమన్నట్టు సైగ చేసింది. సబ్బు ప్రకటన అయ్యాకే లేచింది. పాలన్నీ పోయాయి. ఎందుకలా అని అడిగితే నన్నే వింతగా చూసింది.

"డబ్బుల్నేకుండా ఆట కట్టించినోల పేర్లు సదువుతుంటే లెగిసి ఎలిపోతామేటి? మరియాదేనా అమ్మీ అది? సదివింపులప్పుడు లెగకూడదు."

వాళ్ళ ఊళ్ళో తప్పెటగుళ్ళో వీధి భాగోతమో పెట్టిస్తే, మధ్యలో ఆట ఆపి, ఫలానా వారు ఇంత చదివించారని ఇచ్చినవాళ్ళ పేర్లు పైకి చదువుతారట. ఆ పేర్లు అయిపోయేదాకా చంటిపిల్లల తల్లులు కూడా చోటు వదలరట. ఆ లెక్కన మా అత్తగారికి ఈ సబ్బుల వాళ్ళూ నూనెల వాళ్ళూ ఊరి పెద్దలు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వీరేంద్రకి రెండుసార్లు నటించి చూపించాను.

తరవాత ఒక రోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి చూస్తే, ఆవిడ ప్రకటనలతో మాట్లాడుతోంది. ఇంట్లో ఎవరూ లేరనుకుంటోంది. నేను కర్టెన్ వెనక నిలబడి, నవ్వు బయటికి రాకుండా చున్నీ కొరుక్కుంటూ నలభై సెకన్లు ఫోన్‌లో తీశాను. సరదాకి సారుకి పంపాను. మర్నాడు ఉదయం ఆయన, దీన్ని కంపెనీలకి చూపించవచ్చా, ఆవిడ ఒప్పుకున్నారా అని అడిగారు. అప్పుడు నేను బస్సులో ఉన్నాను. పక్కన వీరేంద్ర, చెరో చెవిలో ఒకే పాట. 'ఒప్పుకున్నారు సార్' అని కొట్టి పంపేశాను. కిటికీ అద్దం మీద మంచు తుడిచినంత సేపు కూడా పట్టలేదు.

హల్వా పంచుతుండగా రెండో మెసేజ్ వచ్చింది. ఆ నలభై సెకన్లనే మన యాప్ ప్రకటనగా వేస్తున్నాం, రేపు సాయంత్రం ఆరు నుంచి ప్రతి కార్యక్రమం ముందూ వస్తుంది, ఇవాళ అయిదు లోపల కింద మాటలు రాసిపెట్టు అని. గోదావరి జిల్లాల వాళ్ళకీ రాయలసీమ వాళ్ళకీ ఆవిడ మాట అర్థం కావద్దూ. మాది గోదావరి ప్రాంతమే, నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మొదటి నెలలో నాకే ఆవిడ మాటలు సగం అందేవి కావు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. 'ఇదేటి, ఇంత నురగొచ్చీసింది' అన్నదాన్ని 'ఇదేమిటి, ఇంత నురగ వచ్చింది' అని రాశాను. సబ్బు ప్రకటనలో పిల్లతో 'జలుబు సేత్తాది, తల తుడుసుకో' అంది. దాన్నీ సాపు చేశాను. రాస్తున్నకొద్దీ ఆ మాటల్లో నవ్వు ఎక్కడికో పోయింది. చివరి ఆరు సెకన్లలో టీ పొడి ప్రకటన. మంచం మీద ఉన్న పెళ్ళానికి మొగుడు కప్పు తెచ్చి ఇస్తాడు. మా అత్తగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "జగ్గారావూ, సూసేవా? ఒక్కపాలైనా తెచ్చేవేటి నాకు" అంటుంది. 'జగ్గారావూ, చూశావా? ఒక్కసారైనా తెచ్చావా నాకు?' అని రాసి, టైము సరిచూసి, సేవ్ నొక్కబోయాను. వేలు అక్కడే ఆగింది.

జగ్గారావు మా మామగారు. ఆరేళ్ళ క్రితం పోయారు. ఈ నాలుగు నెలల్లో ఆ పేరు ఆవిడ నోట ఇంకెప్పుడూ నేను వినలేదు. బ్యాంకులో భర్త పేరు అడిగితే వీరేంద్ర వైపు చూస్తుంది. వాడు లేకపోతే ఆధార్ కార్డు ముందుకు తోస్తుంది. మేము కొత్తగా గడపలో అడుగు పెట్టిన రోజు, పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమని ఆడపడుచులు అడ్డం నిలబడితే, నేను వాళ్ళు అడగడం పూర్తికాకుండానే "వీరేంద్ర" అని వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తన పెళ్ళప్పుడు మాత్రం గడప బయట ఎండెక్కేదాకా నిలబడిందట. ఎంత బతిమాలినా పేరు చెప్పలేదట. చివరికి వాళ్ళే విసిగిపోయి లోపలికి రమ్మన్నారట.

అప్పుడు చెప్పని పేరు, బ్యాంకులో చెప్పని పేరు, ఇల్లు ఖాళీగా ఉందనుకుని టీ తెచ్చే మనిషిని చూసి పిలుచుకుంది. కర్టెన్ వెనక నుంచి ఆ రోజు కూడా నాకు వినపడింది. వినపడీ నవ్వాను. నాకు మొగుడి పేరంటే రోజుకి వందసార్లు పిలిచే పేరు.

సారుకి ఫోన్ చేసి, చివరి ఆరు సెకన్లు తీసేద్దామా అని అడిగాను. ఆయన నవ్వి, ఆ ముక్క కోసమే వాళ్ళు సంతకం పెట్టారమ్మా అన్నారు. తరవాత, ఆవిడ ఒప్పుకున్నారన్నావు కదా అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "అవును సార్" అన్నాను. అయితే ఇబ్బందేముంది, ఫారం మీద ఆవిడ సంతకం తీసుకో, రేపు పదింటికి ఆఫీసులో ఇద్దువుగాని, నేనూ ఆ వేళకి విమానం దిగి వచ్చేస్తాను అన్నారు.

ఇంటికి వచ్చే బస్సులో రోజూ నాకొక ఆట ఉంటుంది. ఇళ్ళ సందుల్లోంచి ఎన్ని ఓడలు కనపడితే అన్ని మంచి విషయాలు జరుగుతాయని లెక్క. ఆ రోజు తల ఎత్తలేదు. సంచిలో హల్వా డబ్బా కింద ఫారం మడత పెట్టి ఉంది. ఎలాగూ అడగదు, సంతకం పెట్టేస్తుంది అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

ఆవిడ హల్వా తిని, గోడ మీదుగా పక్కింటి అసిరమ్మకి కూడా పెట్టి, మా కోడలు ఆఫీసులో పెద్దదైపోయిందని చెప్పింది. అసిరమ్మ ఎంత పెద్ద అని అడిగితే, మా అత్తగారు చేతులు రెండూ చాపి చూపించింది. నేను లోపల నిలబడి వింటున్నాను.

లోపలికి వచ్చి నా చేతిలో కాగితం చూసి ఏమిటని అడిగింది. ఆఫీసు కాగితమనీ, ఆవిడ సంతకం కావాలనీ అన్నాను. ఎందుకని అడగలేదు. వేళ్ళకంటిన నెయ్యి కొంగుకి తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఎక్కడ పెట్టాలని అడిగింది. వయోజన విద్యలో నేర్చుకున్న సంతకం. నాలుక కొంచెం బయటికి పెట్టి, 'దే' అనే అక్షరం జాగ్రత్తగా దించింది. 'ము' మొదలుపెడుతుండగా నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఏం చేశానో మొత్తం చెప్పాను. కర్టెన్ సంగతి, బస్సులో పంపిన మెసేజ్, మధ్యాహ్నం ఫోన్‌లో రెండోసారి ఆడిన అబద్ధం. ఆవిడ చూపించమంది. చూపించాను. మొదట తన జుట్టు చూసుకుని, దయ్యంలాగా ఉన్నానేమిటని గొణిగింది. సబ్బు పిల్లతో మాట్లాడుతుంటే తనకే చిన్న నవ్వు వచ్చింది. టీ ప్రకటన వచ్చింది. ఆ పేరు ఆ గదిలో పైకి వినపడింది. ఆవిడ గబుక్కున గుమ్మం వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. వీడియో అయిపోయి దానంతటదే మళ్ళీ మొదలైతే నేను ఆపేశాను.

"వీరూగాడు సూసేడా?"

"లేదత్తయ్యా."

"మీ ఆఫీసోలు?"

"చూశారు."

"నవ్వేరా?"

"నవ్వారు. నేనూ నవ్వాను."

ఆవిడ ఫారం అంచుల్ని సమంగా మడిచింది. నేను ఏడుస్తుంటే ఊరుకోమని అనలేదు.

"బతికున్నన్నాలూ ఒక్కపాలి పిలవనేదు," అంది చివరికి. "ఇప్పుడు ఎవులూ నేకుండా సూసి పిలుసుకుంతన్నాను. రోజూ. నువ్వది ఊరందరికీ సూపించీసేవు."

ఉద్యోగం మానేస్తానన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. ఆ సాయంత్రం కోపం వచ్చింది ఆ ఒక్క మాటకే. నేను మానేసి ఇంట్లో కూర్చుంటే తన మొహం చూడలేక చస్తానని, తానూ నా మొహం చూడలేనని అంది.

అంతలో వీరేంద్ర చేపలు తీసుకుని వచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూనే మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమైందని అడిగాడు. అత్తగారు నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. ఆ పేరు తప్పించి మిగతాదంతా చెప్పాను. అమ్మని అడగకుండా వీడియో తీశాననీ, అడిగానని అబద్ధం చెప్పాననీ. వాడు కాళ్ళు మళ్ళీ ఇంకోసారి కడుక్కున్నాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. "మా అమ్మ నిన్నేటి సేసింది సత్యా" అని మాత్రం అన్నాడు. పెళ్ళయ్యాక వాడు నాతో అంత మెల్లగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. చేపల సంచి నా చేతికి ఇవ్వకుండా తనే గట్టు మీద పెట్టి, వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు.

నేను ఫోన్ తీసుకున్నాను, సారుకి ఇప్పుడే చెప్పేస్తానని. అత్తగారు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్లో చెబితే మళ్ళీ ఏదో ఒకటి తిప్పి చెప్పేస్తావంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

"రేపు నానూ వత్తాను మీ ఆఫీసుకి," అంది. "మీ సారు ముందర నువ్వే సెప్పాల. మా అత్త ఒప్పుకోనేదు, నానే అబద్దమాడేనని. నాను పక్కన కూకుంతాను. నువ్వు సెప్పినంతసేపూ లెగను."

వీరేంద్ర సెలవు పెట్టి తోడు వస్తానన్నాడు. అక్కర్లేదంది. ఇది మా ఇద్దరి పనే అంది. తరవాత నా వైపు తిరిగి, పదింటికి అక్కడుండాలంటే ఇక్కడ ఎన్నింటికి బస్సు ఎక్కాలని అడిగింది. ఎనిమిదిన్నరకని చెప్పాను.

"అయితే ఎనిమిదింటికే బయలెల్దాం," అంది.