గులకరాళ్ళు ముందా, ఊహ ముందా

డెస్మండ్ ప్రూయిట్ సైన్సు చరిత్ర ప్రొఫెసరు. శాస్త్రజ్ఞులు ఎలా పనిచేస్తారో నాలుగు మెట్లలో తేల్చేసి పుస్తకం రాశాడు: ఊహ, జోస్యం, పరీక్ష, సవరణ. ఆ మెట్లెక్కని వాళ్ళను పుస్తకం గడప తొక్కనివ్వలేదు. ఎక్కిన పన్నెండుమందిలో అందరికన్నా బుద్ధిమంతురాలు ఆగ్నెస్ కొవల్‌చుక్. సాస్కటూన్ నగరం దగ్గరి మైదానం కింద, ఏనాడో ఎండిపోయిన సరస్సు గట్టును కనిపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త.

రెండో ముద్రణకు ముందు ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. ఎనభై ఆరేళ్ళ ఆగ్నెస్ టీ పోసి, తన అధ్యాయం చదివించుకుని, పగలబడి నవ్వింది.

"ఎవరయ్యా ఈ మహాతల్లి? ఎంత తెలివైందో!"

"మీరేనండీ."

"నేనా? నా ట్రక్కు బురదలో దిగబడింది నాయనా. తిట్టుకుంటూ చక్రం కింద తవ్వుతుంటే పారకి గుండ్రటి గులకరాళ్ళు, ఆల్చిప్పలు తగిలాయి. ఊహంటావా, అది ఆ చలికాలం తీరిగ్గా కూర్చుని అల్లాం. సైన్సు పత్రికవాళ్ళు ఊహ ముందు పెట్టి వరసగా రాయమన్నారు, రాశాం."

అక్కడితో డెస్మండ్ నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు.

"మీ మనసులో ముందే ఏదో ఊహ ఉండుంటుందండీ."

"ఆ గుంటలో ఉన్నది నేనా, నువ్వా?"

"మీరే. కానీ మీరు మర్చిపోయుండొచ్చు కదా..."

అరగంట వాదించాడు. చివరికి ఆవిడ విసుగెత్తి, అప్పటి నోటుపుస్తకం తెచ్చి ముందు పడేసింది. మట్టి మరకల మధ్య ఒకే వాక్యం: "ట్రక్కు మళ్ళీ దిగబడింది. ఆల్చిప్పలు! ఇక్కడెందుకు?"

తిరుగు ప్రయాణంలో డెస్మండ్‌కు తల కొట్టేసినట్టయింది. సాక్ష్యం సిద్ధాంతానికి ఎదురొస్తే సాక్షినే అనుమానించాడు. ఇంకెవరైనా ఆ పని చేసుంటే ఉతికి ఆరేసేవాడు. పైగా మిగతా పదకొండుమంది విషయంలోనూ అచ్చయిన వ్యాసాలు చదవడమే తప్ప ఒక్క నోటుపుస్తకమూ ముట్టలేదు.

రెండేళ్ళు తిరిగి దొరికినన్ని చదివాడు. నాలుగు మెట్లూ వరసగా ఎక్కినవాడు ఒక్కడే తేలాడు, వాడికీ జోస్యం తప్పింది.

పుస్తకం తిరగరాసి ముందుమాట ఆగ్నెస్‌కు పంపాడు. "నా నాలుగు మెట్ల నమూనా మీద అనుమానం కలిగి, దాన్ని పరీక్షించడానికి ఆగ్నెస్‌ను కలిశాను," అని మొదలుపెట్టాడు.

మర్నాడే ఫోను.

"అబ్బో, అనుమానంతో వచ్చావా! మరి నాతో తగువేసుకున్నది ఎవరు, మీ తమ్ముడా?"

డెస్మండ్ ఫోను పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వాక్యం కొట్టేసి, వాదించి ఓడిపోయి వచ్చానని రాశాడు. ప్రచురణకర్తకు మాత్రం పాత వాక్యమే హుందాగా ఉందనిపించింది.