గడియకి అవతల

మళ్లీ బాత్రూంకి గడియ పెట్టారు, తండ్రీకొడుకులకి నేనిప్పుడు పరాయిదాన్ని, నవమాసాలూ మోసినదాన్ని, ఉచ్చ పోసేటప్పుడు ముందుచర్మం బుడగలా ఉబ్బి వాడు ఏడుస్తుంటే మొదట చూసింది నేను, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది నేను, ఆపరేషన్ అంటుందేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నదీ నేనే, ఆవిడ నవ్వి, కోత అక్కర్లేదమ్మా, బిగుతుగా ఉన్నచోట ఈ ఆయింట్‌మెంట్ పల్చగా రాసి మెల్లగా వెనక్కి జరపాలి, నొప్పి అంటే అక్కడితో ఆపెయ్యాలి, మళ్లీ ముందుకి తెచ్చెయ్యడం మర్చిపోకూడదు, కొన్ని వారాల్లో వదులవుతుంది అంది, అన్నీ నాకే చెప్పింది, తీరా ఇంటికొచ్చాక మా బుడ్డోడు, అమ్మా నువ్వు బయటుండు, నాన్న చెప్తాడు, నేనే రాసుకుంటా అన్నాడు, మొన్నటిదాకా నా కొంగు వదలనివాడు, ఒళ్లు మండిపోయింది.

ఈయనేమో లిఫ్టులు బాగుచేసే మనిషి, గ్రీజు చేతులతోనే కంచం ముందు కూర్చునే మనిషి, నేను నెత్తీ నోరూ బాదుకున్నా కడగని ఆ చేతుల్ని ఇప్పుడు మోచేతుల దాకా సబ్బు పెట్టి తోముతున్నాడు, వాడికి చూపించడానికట, పైగా లోపల్నుంచి నవ్వులు, నేనిక్కడ వాడి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ తలుపుకి చెవి అప్పగించాను, చొక్కా మాడుతుందేమో, మాడనీ, ఈయనకేం తెలుసు, గట్టిగా లాగమంటాడేమో, చర్మం చిట్లితే మళ్లీ పరుగెత్తాల్సింది నేనే, అప్పుడు చెప్తాను ఇద్దరి పనీ.

నాన్నా నొప్పి అంటున్నాడు వాడు, ఇస్త్రీపెట్టె నిలబెట్టి తలుపు దాకా వచ్చేశాను, ఆపెయ్ రా, ముందుకి తెచ్చేసుకో, రేపు చూద్దాం, తొందరేం లేదు, ఈయన గొంతేనా ఇది, నీకూ ఇలాగే ఉండేదా నాన్నా, ఉండేది రా, నాకెవరూ చెప్పలేదు, బొమ్మ కొనిపెడతామని తీసుకెళ్లి కాళ్లూ చేతులూ పట్టుకుని కోయించేశారు, ఇప్పటికీ ఎవరైనా ఏదైనా కొనిపెడతామంటే నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపిస్తుంది, అందుకా, పెళ్లయిన కొత్తలో రండి వాచీ కొనిపెడతాను అని నేనంటే ఈయన మొహం అలా పాలిపోయింది, పిసినారితనం అనుకుని నెలంతా దెప్పాను, ఇన్నేళ్లు పక్కనే పడుకున్నదానికి చెప్పని మాట పాలపళ్లు ఊడుతున్న వెధవకి చెప్పేశాడు, కొడుకుని లాక్కున్నాడని ఇంతసేపూ ఈయన మీద పళ్లు నూరాను, కాదు, నా కుళ్లంతా ఆ పిల్లాడి మీదే, నా మొగుడు నాకంటే ముందు వాడికి దొరికాడు.